రోడ్డు ప్రమాదంలో మరణం: అనాథల హక్కును వదిలేసే అధికారం ఎవరిది?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ముంబయి వైపు పోయే లారీలు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలకు సరుకు చేరవేసే ట్యాంకర్లు, కంకర టిప్పర్లు, కంపెనీల షిఫ్టు బస్సులు. వీటన్నిటి నడుమ రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరుకోవాలని చూసే కార్మికుని మోటారు సైకిలు. ఏదో ఒక రోజు ఆ మోటారు సైకిలు ఇంటికి రాదు. ఫోను వస్తుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "అల్లాహ్ రాసింది జరిగింది, సబ్ర్ చేయండి" అన్న మాట. ఇది సత్యమైన మాట. రెండోది ఖననం ముగిసీ ముగియకముందే వస్తుంది. "వాహనం ఓనరు మంచివాడు, ఎంతో కొంత ఇస్తానంటున్నాడు. కేసులెందుకు? ఇక్కడ ఒక సంతకం పెట్టండి." కొన్ని ఇళ్ళలో పెద్దలు మొదటి మాటను రెండో మాటకు ఆధారం చేసుకుంటారు. విధివ్రాతను నమ్మినవాడు పరిహారం కోసం కోర్టుకు వెళ్ళరాదని, చనిపోయినవాని పేరుతో డబ్బు అడగడం సిగ్గుచేటని అనుకుంటారు. ఇది ధర్మం చెప్పిన మాటేనా? ఈ పాఠంలో మనం తెలుసుకోవలసింది ఇదే.

సహనం అంటే హక్కు వదులుకోవడం కాదు

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) వీరమరణం పొందారు. ఆయన భార్య తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. పిల్లల తండ్రి మీ వెంట నిలబడి ప్రాణం ఇచ్చాడని, వారి పినతండ్రి ఆస్తినంతా తీసేసుకున్నాడని, డబ్బు లేనిదే ఈ పిల్లల పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. ఆ సందర్భంలోనే వారసత్వపు ఆయత్ అవతరించింది. దైవప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, ఆడపిల్లలిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది మాత్రమే తాను తీసుకోవలసిందిగా ఆదేశించారు. ఈ సంఘటన హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా అబూదావూద్, తిర్మిజీ తదితర హదీసు గ్రంథాలలో నమోదైంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. భర్త షహీద్ అయిన స్త్రీ ఆమె. ఆమెకు సబ్ర్ తెలియదని ఎవరనగలరు? అయినా ఆమె వచ్చి అడిగింది. దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు. "నీ భర్తకు స్వర్గం ఉంది, నీకు ఆస్తి ఎందుకు" అనలేదు. పైగా ఆమె మొర తర్వాత అవతరించిన ఆజ్ఞ ప్రళయదినం వరకు యావత్ సమాజానికి చట్టమయింది. కనుక గుండె అల్లాహ్ నిర్ణయానికి తలవంచడం వేరు, పిల్లల హక్కు కోసం న్యాయాధికారి ముందు నిలబడడం వేరు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండవచ్చు, ఉండాలి కూడా.

పొరపాటున పోయిన ప్రాణానికీ లెక్క ఉంది

వాహనం నడిపినవాడు కావాలని చంపలేదు, నిజమే. అయినా దివ్యఖుర్‌ఆన్ పొరపాటున జరిగిన హత్యను కూడా ఊరికే వదిలేయలేదు. అన్నిసా సూరా 92వ ఆయత్ రెండు బాధ్యతలను విధించింది. ఒకటి మృతుని కుటుంబానికి దియత్, అంటే రక్తపరిహారం, అప్పగించడం. రెండోది కఫ్ఫారా. బానిసను విడుదల చేసే స్తోమత లేనివాడు రెండు నెలలు వరుసగా ఉపవాసాలు పాటించాలి. మొదటిది మనుషుల హక్కు, రెండోది అల్లాహ్ హక్కు. మృతుని కుటుంబం స్వచ్ఛందంగా క్షమిస్తే తప్ప దియత్ బాధ్యత తొలగిపోదని అదే ఆయత్ చెబుతోంది.

దియత్ భారమంతా ఒక్కడి నెత్తిన పడకుండా, పొరపాటు చేసినవాని బంధుబలగం, అంటే 'ఆఖిలా', దానిని పంచుకుని చెల్లించాలని షరీఅత్ ఏర్పాటు చేసింది. చెల్లించవలసినవాడు పేదవాడన్న కారణంతో మృతుని పిల్లలు ఖాళీ చేతులతో మిగిలిపోకూడదన్న వివేకం ఇందులో కనిపిస్తుంది.

దియత్ విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన ఒక సంఘటన మన ఇళ్ళలో పదే పదే చెప్పుకోవలసినది. భర్త దియత్‌లో భార్యకు వాటా ఉండదని మొదట్లో ఆయన అభిప్రాయం. అప్పుడు హజ్రత్ దహ్హాక్ బిన్ సుఫ్యాన్ (రజి) లేచి, అష్యమ్ దిబాబీ అనే వ్యక్తి దియత్‌లో అతని భార్యకు వారసత్వం ఇవ్వవలసిందిగా దైవప్రవక్త (స) తనకు లేఖ వ్రాయించి పంపారని తెలిపారు. అష్యమ్ పొరపాటున చంపబడిన వ్యక్తి అని ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) వెంటనే తన అభిప్రాయాన్ని విడిచిపెట్టారు. అంతటి ఖలీఫాయే వితంతువు వాటా ముందు తన మాట వెనక్కి తీసుకున్నప్పుడు, "కోడలికేం సంబంధం, కొడుకు మాది కదా" అనే అధికారం ఇక ఎవరికి ఉంటుంది?

క్షమించడం పుణ్యమే, కానీ ఎవరి హక్కును?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. క్షమాగుణం గొప్పది. డ్రైవరు మీద కక్ష పెంచుకోవలసిన పని లేదు. కాని క్షమించేవాడు తన హక్కును మాత్రమే క్షమించగలడు. మృతుని తల్లి తన వాటా వదులుకోవచ్చు. భార్య ఎవరి ఒత్తిడీ లేకుండా తన వాటా వదులుకోవచ్చు. ఏడేళ్ళ పిల్లవాని వాటాను మాత్రం తల్లి గానీ, తాత గానీ, మామ గానీ, జమాఅత్ పెద్దలు గానీ వదిలేయలేరు. మైనరు సొమ్ముకు సంరక్షకుడు కాపలాదారు మాత్రమే. దానిని దానం చేసే యజమాని కాడు.

పిల్లలకు లక్షల్లో రావలసి ఉండగా యాభై వేలకు తెల్లకాగితం మీద సంతకం పెట్టించిన పెద్దమనిషి రాజీ కుదిర్చానని సంతోషపడవచ్చు. నిజానికి ఆయన అనాథల సొమ్మును పరాయివానికి ధారపోశాడు. అనాథల ఆస్తిని అన్యాయంగా తినేవారు తమ కడుపులో అగ్నిని నింపుకుంటున్నారని అదే అన్నిసా సూరా 10వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఇతరులకు తినిపించినవాడు కూడా దీన్ని చదివి భయపడాలి.

మొదటి రోజుల్లో చేయవలసినవి

మన దేశంలో ఈ హక్కును అందించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. పోలీసు కేసు వేరు, పరిహారం కేసు వేరు. పోలీసు కేసులో డ్రైవరుకు శిక్ష పడుతుందా లేదా అన్నది ఒక సంగతి. పరిహారం కేసులో నిర్లక్ష్యాన్ని తేల్చడానికి అంత కఠినమైన రుజువు అక్కరలేదు. డ్రైవరు నిర్దోషిగా బయటపడ్డా పరిహారం రావచ్చు. కాని రెండింటికీ పునాది మొదటి రోజునే పడుతుంది.

ప్రమాదం జరిగిన హద్దులోని పోలీసు స్టేషనులో ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి. అందులో గుద్దిన వాహనం నంబరు, సమయం, స్థలం సరిగ్గా ఉన్నాయో లేదో ఇంట్లో చదువుకున్నవారు చూసుకోవాలి. చూసినవారి పేర్లు అప్పుడే వ్రాసుకోవాలి. దగ్గర్లో ధాబా, పెట్రోలు బంకు, కంపెనీ గేటు ఉంటే కెమెరా దృశ్యాలను భద్రపరచమని పోలీసులను వెంటనే కోరాలి, ఎందుకంటే అవి కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి.

పోస్టుమార్టం విషయంలో మన కుటుంబాలు ఎంతో బాధపడతాయి. మృతదేహానికి గౌరవం ఉందనీ, దాని ఎముక విరచడం బ్రతికున్నవాని ఎముక విరచడం లాంటిదనీ హదీసులో వచ్చింది. కాబట్టి ఆ బాధ సహజమే. అయితే ప్రమాద మరణంలో మరణ కారణాన్ని నిర్ధారించేది ఈ నివేదికే. అది లేకపోతే మరణం ప్రమాదం వల్లనే సంభవించిందన్న మాటకు ఆధారం బలహీనపడుతుంది, వారసుల హక్కు ప్రమాదంలో పడుతుంది. చట్టం కోరినప్పుడు, హక్కు నిలబడడానికి అవసరమైనప్పుడు దీనిని 'జరూరత్' కింద మన పండితులు అనుమతించారు. త్వరగా ముగించమని, దేహాన్ని మర్యాదగా అప్పగించమని డాక్టర్లను వినయంగా కోరవచ్చు. అడ్డుపడి దేహాన్ని తీసుకుపోవడం మాత్రం సరికాదు.

దాచుకోవలసిన కాగితాలు ఇవి: ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఆ తర్వాత ఛార్జిషీటు, వాహనాన్ని తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు నివేదిక, గుద్దిన వాహనం ఆర్‌సీ, డ్రైవరు లైసెన్సు, బీమా పాలసీ నకళ్ళు, మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, మృతుని వయసుకు, జీతానికి ఆధారాలు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక నివేదికను, 90 రోజుల్లో సవివర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. కనుక స్టేషనుకు వెళ్ళి ఆ నివేదికల గురించి అడగడం మన హక్కు.

జీతం ఆధారం గురించి ఒక మాట. మన పారిశ్రామికవాడలో కాంట్రాక్టరు చేతికి నగదు ఇచ్చే పద్ధతి ఇంకా ఉంది. అలాంటి చోట పీఎఫ్, ఈఎస్‌ఐ నంబరు, బ్యాంకు పాస్‌బుక్కు, హాజరు కార్డు, తోటి కార్మికుల సాక్ష్యం, ఏది దొరికితే అది సేకరించాలి. ఏ ఆధారమూ లేకపోతే ట్రిబ్యునల్ తానే ఒక ఆదాయాన్ని అంచనా వేస్తుంది. అది అసలు సంపాదన కంటే తక్కువగా ఉండవచ్చు. మృతుడు డ్యూటీలో ఉండగా చనిపోతే కార్మిక చట్టాల కింద కూడా దారి ఉండవచ్చు. కాని ఒకే మరణానికి రెండు చట్టాల కింద పరిహారం తీసుకునే వీలు లేదు. ఏది మేలో వకీలును అడిగి ఒకదాన్నే ఎంచుకోవాలి.

ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, గడువు ఆరు నెలలు

2019లో సవరించిన చట్టం ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి పరిహారం దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను తోసిపుచ్చవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. దాన్ని నమ్ముకుని కూర్చోవడం వివేకం కాదు.

వితంతువు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అది ముగిశాక చూసుకుందామని ఆగితే గడువులో మిగిలేది సుమారు యాభై రోజులు. వకాలత్‌నామా మీద సంతకం ఇంట్లోనే చేయవచ్చు. తప్పనిసరి పని ఉంటే ఇద్దత్‌లో ఉన్న వితంతువు పగటిపూట బయటికి వెళ్ళి, రాత్రికి ఇంటికి చేరుకోవచ్చని హనఫీ ధర్మశాస్త్రంలో ఉంది. కాబట్టి ఇద్దత్ పేరుతో ఆలస్యం చేయవలసిన అవసరం లేదు. ఆమె తరఫున తిరిగే బాధ్యతను అన్నో తమ్ముడో తీసుకుంటే మరీ మంచిది.

దరఖాస్తు ఎక్కడ? ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్‌లో గానీ, కుటుంబం నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో గానీ వేయవచ్చు. సంగారెడ్డి ప్రాంతం వారికి జిల్లా కోర్టు సంగారెడ్డిలోనే ఉంది. బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో, ముత్తంగిలో గదులు అద్దెకు తీసుకుని పనిచేసే మన సోదరుల కుటుంబాలు తమ సొంత జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఈ ఒక్క మాట తెలియక ఏ కుటుంబమూ హక్కు వదులుకోకూడదు. వారికి ఇది చెప్పేవారు మన మస్జిదులోనే ఉండాలి.

ఎంత అడగాలి?

2009లో సరళా వర్మ కేసులోను, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు లెక్కకు ఒక పద్ధతిని ఏర్పరచాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 34 ఏళ్ళ కార్మికుడు, నెలకు 15 వేల జీతం. తండ్రి ఇదివరకే చనిపోయాడు. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు.

ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ళలోపువాడు, స్థిర జీతం మీద ఉన్నవాడు కనుక ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవారు అయిదుగురు కనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. అతని వయసుకు గుణకం 16. అంటే 30,24,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు వంటి పద్దులు అదనం. కోర్టు ఆధారాలను బట్టి తగ్గించవచ్చు, హెచ్చించవచ్చు. కాని ఖననం రోజున చేతిలో పెట్టే యాభై వేలకూ దీనికీ ఉన్న తేడా ఎంతో చూడండి.

చనిపోయినది గృహిణి అయితే "ఆమెకు సంపాదన లేదు కదా" అనకండి. ఇంటి పనికి కూడా విలువ కట్టాలని 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ విషయమై విడిగా తీర్పు వ్రాశారు.

గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే? అప్పుడు కూడా దారి మూసుకుపోలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద మరణానికి 2 లక్షలు ఇస్తారు. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టాలి. వాహనం తెలిసి, తప్పు ఎవరిదో నిరూపించడం కష్టమనుకున్నప్పుడు, తప్పు నిరూపించే అవసరం లేకుండా 5 లక్షలు కోరే సెక్షను కూడా ఉంది.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా ఇవన్నీ కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయినప్పుడు ప్రభుత్వం సాయం ప్రకటించింది. అటువంటి సాయం అందినంత మాత్రాన ట్రిబ్యునల్ పరిహారం కోరే హక్కు పోదు. సాయం అందింది కదా అని కుటుంబాలు ఆగిపోకూడదు.

వకీలు, దళారీ, రాజీ

ఆసుపత్రి గుమ్మంలోనే కలిసి "అన్నీ మేమే చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం" అనేవారితో జాగ్రత్త. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టవద్దు. అప్పు ఇచ్చినా తీసుకున్నా వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్‌బఖరా సూరాలో ఎంత వివరంగా ఆదేశం ఉందో మనకు తెలుసు. వకీలు ఫీజు విషయంలోనూ ఆ పద్ధతే పాటించండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. దాని కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవాలి.

లోక్ అదాలత్‌లో రాజీ పడడం తప్పు కాదు. 'సుల్‌హ్' మంచిదే, ఏళ్ళ తరబడి తిరగడం తప్పుతుంది. అయితే లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు ఉండదు. కనుక ముందు పైన చూపిన లెక్క వేసుకుని, ఆ తర్వాతే అంకెకు ఒప్పుకోవాలి.

అబద్ధంతో వచ్చేది నిప్పు కణిక

ఇప్పుడు చేదుగా ఉన్నా చెప్పక తప్పని విషయం. బీమా లేని వాహనం గుద్దితే, బీమా ఉన్న బంధువుల వాహనాన్ని పట్టుకొచ్చి కేసులో పెట్టమని సలహా ఇచ్చేవారున్నారు. లైసెన్సు లేని డ్రైవరు స్థానంలో లైసెన్సు ఉన్నవాని పేరు వ్రాయించేవారున్నారు. చూడనివాడిని సాక్షిగా నిలబెట్టేవారు, పది వేల జీతాన్ని ముప్పై వేలుగా చూపే పత్రం సంపాదించేవారు ఉన్నారు. "కంపెనీ సొమ్మే కదా, అనాథల కోసమే కదా" అని సమర్థించుకుంటారు.

దైవప్రవక్త (స) స్వయంగా తాను కూడా మనిషినేనని, వాదించడంలో నేర్పున్నవాని మాట విని తీర్పు ఇవ్వవచ్చునని, అలా తన సోదరుని హక్కు దక్కినవాడు తీసుకునేది నిప్పు కణిక మాత్రమేనని హెచ్చరించారు. ఇది బుఖారీ, ముస్లింలలోని హదీసు. ప్రవక్త (స) తీర్పే అధర్మాన్ని ధర్మం చేయనప్పుడు ట్రిబ్యునల్ తీర్పు చేస్తుందా? మృతుడు హెల్మెట్ లేకుండా, ముగ్గురిని ఎక్కించుకుని నడిపి ఉంటే ఆ మాట దాచవద్దు. న్యాయమూర్తి అతని తప్పు ఉందని తేలిస్తే ఆ మేరకే పరిహారం తగ్గిస్తారు. తగ్గిన సొమ్మైనా హలాల్. అనాథ నోటికి హరామ్ ముద్ద అందించడం అనాథకు మేలు చేయడం కాదు.

బీమా సొమ్ము, వడ్డీ

చాలామంది అడిగే సందేహం ఇది. బీమా కంపెనీ ఇచ్చే డబ్బు తీసుకోవచ్చా? బీమా ఒప్పందం వాహన యజమానికీ కంపెనీకీ మధ్య జరిగింది. మృతుని కుటుంబం ఏ ఒప్పందమూ చేసుకోలేదు. వారికి రావలసినది నష్టం చేసినవాని మీద ఉన్న బాకీ. ఆ బాకీని అతని తరఫున ఎవరు తీర్చినా అది వారి హక్కే. కనుక ఈ సందేహంతో అసలు హక్కును వదులుకోకూడదు.

ట్రిబ్యునల్ సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి వడ్డీ కూడా వేయిస్తుంది. పిల్లల పేర బ్యాంకులో వేసిన సొమ్ముకూ వడ్డీ వస్తుంది. ఈ మొత్తాన్ని అసలు నుంచి విడిగా లెక్కగట్టి ఉంచి, ఏం చేయాలో విశ్వసనీయుడైన ముఫ్తీని అడిగి నడుచుకోండి. మామూలుగా అటువంటి సొమ్మును పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమంటారు. ఆ కుటుంబమే నిరుపేదదైతే జవాబు వేరుగా ఉండవచ్చు. అందుకే ఇంటి పరిస్థితి దాచకుండా చెప్పి అడగాలి.

వచ్చిన సొమ్ము పంచేటప్పుడు

కేసు గెలవడంతో పరీక్ష ముగియదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. హనఫీ పండితుల దృష్టిలో దియత్ మృతుని ఆస్తిలో భాగం. ముందుగా అతని అప్పులు తీర్చాలి. చెల్లించని మహర్ కూడా అప్పే, అది భార్యకు ముందుగా ముట్టాలి. ఆ తర్వాత వసీయత్ ఉంటే మూడో వంతుకు మించకుండా, ఆపైన వారసుల వాటాలు.

పై ఉదాహరణలోని కుటుంబానికి అప్పులేవీ లేవనుకుందాం. 30,24,000లో భార్యకు ఎనిమిదో వంతు 3,78,000. తల్లికి ఆరో వంతు 5,04,000. మిగిలిన 21,42,000లో కొడుకులకు చెరి 8,56,800, కూతురికి 4,28,400. మృతునికి కొడుకులున్నారు కనుక అతని అన్నదమ్ములకు ఇందులో ఒక్క రూపాయి కూడా లేదు.

ట్రిబ్యునల్ ఈ విధంగా పంచదు. ఎవరు ఎంతగా ఆధారపడ్డారో చూసి, ఒక్కొక్కరి పేర ఇంత అని వ్రాస్తుంది. సాధారణంగా భార్యకు ఎక్కువ వ్రాస్తుంది. అలాంటప్పుడు అవార్డు ప్రకారం ఉంచుకోవాలా, షరీఅత్ వాటాల ప్రకారం సరిచేసుకోవాలా అన్నది తీర్పు ప్రతి చూపించి ముఫ్తీని అడగాలి. వయసు వచ్చిన వారసులు ఇష్టపూర్వకంగా తమ వాటా వితంతువుకు వదిలితే అది గొప్ప మేలు. ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా సంగతి వేరు. అది సాయం కనుక ఎవరి కోసం ఇచ్చారో వారికే చెందుతుంది.

ఏ అభిప్రాయం తీసుకున్నా కొన్ని విషయాలలో సందేహమే లేదు. పిల్లల సొమ్ము అమానత్. దానిని పినతండ్రి తన ఖాతాలో వేసుకుని ఇల్లు కట్టుకోకూడదు. మైనర్ల పేర కోర్టు వేయించిన డిపాజిట్‌ను ఏదో కారణం చెప్పి పగలగొట్టించకూడదు. అందులోంచి పిల్లల తిండికి, చదువుకు, వైద్యానికి ఖర్చు పెడితే లెక్క వ్రాయాలి. వారు యుక్తవయస్కులై, వ్యవహార జ్ఞానం వచ్చినప్పుడు సాక్షుల సమక్షంలో అప్పగించాలి. అన్నిసా సూరా 6వ ఆయత్ నేర్పిన పద్ధతి ఇదే. వితంతువు మరో నికాహ్ చేసుకుంటే ఆమె వాటా పోదు. ఆ బెదిరింపుతో ఆమె చేత సంతకం పెట్టించుకోవడం జుల్మ్.

స్టీరింగు మన చేతిలో ఉన్నప్పుడు

ఈ రహదారి మీద లారీలు, ఆటోలు, క్యాబులు నడిపే మన సోదరులు ఎందరో ఉన్నారు. ఈ పాఠం వారికి కూడా. మీ చేతి పొరపాటు వల్ల ప్రాణం పోతే పారిపోవద్దు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం చట్టరీత్యా కూడా డ్రైవరు బాధ్యత. బీమా కట్టకుండా, లైసెన్సు లేకుండా బండి తీయడమంటే రేపు ఎవరి పిల్లలకో దక్కవలసిన హక్కును ఈ రోజే గండి కొట్టడం. మృతుడు ఏ మతస్థుడైనా అతని కుటుంబానికి రావలసినది రానివ్వండి. నిజం తమకే వ్యతిరేకమైనా సాక్ష్యం చెప్పాలని అన్నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తోంది. కంపెనీ పరిహారం కట్టింది కదా అని కఫ్ఫారా తీరిపోదు. తప్పు తనదని తెలిసిన ముస్లిం డ్రైవరు తన విషయం ముఫ్తీకి చెప్పి, అరవై ఉపవాసాల సంగతి తేల్చుకోవాలి.

మస్జిద్ కమిటీలు చేయదగినది

ఖననం ఏర్పాట్లు చేయడంలో మన జమాఅత్‌లు ముందుంటాయి. దానికి ఒక పనిని జత చేద్దాం. ప్రతి మస్జిదులో చదువుకున్న ఇద్దరు యువకులు బాధ్యత తీసుకుని, ప్రమాద మరణం జరిగిన ఇంటికి వారం లోపు వెళ్ళాలి. కాగితాలు ఒక ఫైలులో పెట్టించాలి. ఆరు నెలల గడువు తేదీని ఆ ఫైలు మీద పెద్దక్షరాలతో వ్రాయాలి. వితంతువును న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తీసుకెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి నలభై రోజుల్లో ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టవద్దని ఆమెకు చెప్పాలి. ఇందుకు చందాలు అక్కరలేదు, కొంచెం సమయం చాలు. అనాథను పోషించేవాడు స్వర్గంలో తనతో కలిసి ఉంటాడని దైవప్రవక్త (స) రెండు వేళ్ళు చూపి శుభవార్త ఇచ్చారు. అనాథ సొమ్మును కాపాడడం కూడా ఆ పోషణలో భాగమే.

రోడ్ల మీద ప్రాణాలు విడిచిన మన సోదర సోదరీమణులను అల్లాహ్ క్షమించుగాక! వారి ఇళ్ళకు నిబ్బరాన్ని ప్రసాదించుగాక! వారి పిల్లల హక్కులకు మనల్ని నమ్మకమైన కాపలాదారులుగా చేయుగాక! ఆమీన్.